వంచి చూడని వీపు

ఆ పిల్ల వీపు మీరెవరూ చూడలేదు.

హైస్కూల్లో రోజూ పొద్దున్నే పిల్లల్ని వరసల్లో నిలబెట్టి, చేతులు చాపి ఎడం చూసుకోమని విజిలూదే డ్రిల్లు మాస్టారూ, మీరు చూడలేదు. ఏడాదికోసారి జీపులో దిగి, బరువు తూచి, ఎత్తు కొలిచి, కళ్ళ కింద చర్మం లాగి, నాలిక చాపించి, ఎండ ముదరకముందే వెళ్ళిపోయే ఆరోగ్య తనిఖీ వాళ్ళూ, మీరూ చూడలేదు. ఎత్తు కొలవడానికి పిల్లని గోడకి ఆనించారు కదా. ఒక రెక్క ఎముక గోడకి తగిలి రెండోది తగలకుండా ఉంటే మీ కంటికి ఆనలేదా? పిల్లని ముందుకి వంగమని చెప్పి, వెనక నిలబడి వీపు చూడ్డానికి మిషనక్కర్లేదు, కరెంటక్కర్లేదు, పెద్ద చదువూ అక్కర్లేదు. ముక్కు చీదినంత సేపు పట్టదు. ఆ కాస్త సేపు మీకు దొరకలేదు. నందిగామలో తెల్లకోటేసుకుని ఎముకలు టిక్కుమనిపించే పెద్దమనిషీ, నువ్వు మాత్రం చూశావు. చూసి, ఇది నా చేతిలో పని కాదని చెప్పకుండా బల్ల ఎక్కించావు.

ఇక తల్లి. తల్లి మీ అందరికంటే ముందు చూసింది. చూసి ఏం చేసిందో కూడా చెప్పాలి. అది దాచిపెట్టి మిమ్మల్ని తిడితే ఆ తిట్టుకి విలువ లేదు.

శనివారం పొద్దున చిల్లకల్లు స్టేజీ దగ్గర నందిగామ బస్సు కోసం నిలబడ్డప్పుడు దేవమణి కూతురి చుట్టూ ఒకసారి తిరిగింది. వంకాయరంగు టాపు. రాత్రీ పగలూ కూర్చుని కుట్టింది. భుజాల దగ్గర వేలితో నొక్కి, అంచు రెండు పక్కలా చేత్తో దించి, మళ్ళీ ఒకడుగు వెనక్కేసి చూసింది. ఊళ్ళో ఆడపిల్లల బట్టలన్నీ ఆమే కుడుతుంది. ఆమె కుట్టిన అంచు వంకరగా వేలాడిందని ఇంతవరకూ ఒక్కరూ అనలేదు.

"అమ్మా, అందరూ చూస్తున్నారు," అంది కృపాజ్యోతి.

"చూడనీ. బాగుంది కాబట్టే చూస్తున్నారు."

కృప తొమ్మిదో తరగతి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. వీపు నొప్పనీ, ఒక పక్కకి ఒరుగుతోందనీ దసరా సెలవుల నుంచీ వారం వారం నందిగామలో ఎముకలు సర్దే క్లినిక్కుకి తిరుగుతోంది. ఆ క్లినిక్కు సంగతి మొదట తెచ్చింది తండ్రి సొలొమోనే. అతను మిర్చి కోల్డు స్టోరేజీలో బస్తాలు మోస్తాడు. తోటి హమాలీ ఒకడు ఫోనులో ఆ క్లినిక్కు వాళ్ళ వీడియో చూపించాడు. ఒక మనిషి బల్ల మీద బోర్లా పడుకుంటాడు, తెల్లకోటాయన నడుం మీద అరచెయ్యి ఆనించి ఒక్క ఊపు నొక్కుతాడు, ఎండు కంప విరిగినట్టు చప్పుడొస్తుంది, ఆ మనిషి లేచి నవ్వుతాడు. చప్పుడు వినపడిందంటే లోపల ఏదో సర్దుకున్నట్టేనని సొలొమోనుకీ అనిపించింది, దేవమణికీ అనిపించింది. ఎవరికైనా అనిపిస్తుంది. వాళ్ళ వ్యాపారమంతా ఆ చప్పుడు మీదే నడుస్తోంది.

క్లినిక్కు మందుల షాపు మేడ మీద. మెట్ల పక్కన ప్లాస్టిక్కు వెన్నెముక ఒకటి కొక్కేనికి వేలాడుతుంటుంది. దాన్ని నడిపే కిషోర్‌బాబు మర్యాద గలవాడు. ఎవరినీ నువ్వు అనడు. దేవమణిని అమ్మా అంటాడు, కృపని నాన్నా అంటాడు. తన చదువు పేరు కైరోప్రాక్టిక్ అని, విదేశాల్లో పిల్లలందరికీ చిన్నప్పట్నించే చేయిస్తారని మొదటి రోజే చెప్పాడు. ఎక్స్‌రే తీయించాలా అని దేవమణి అడిగితే, ఎదిగే పిల్లకి అనవసరంగా ఎందుకమ్మా ఆ కిరణాలు, నా చేతి వేళ్ళే నాకు ఎక్స్‌రే అన్నాడు. ఆ మాట ఆమెకి ఎంతో నచ్చింది. చేతి వేళ్ళతో బతికే మనిషి కదా.

ఆ రోజు కృపని బోర్లా పడుకోబెట్టి, మెడ పట్టుకుని ఒకవైపుకి తిప్పాడు. టిక్కుమంది. రెండోవైపుకి తిప్పాడు. తర్వాత పిడిబాకంత పరికరం ఒకటి తీసి వెన్ను వెంట టకటకా కొట్టుకుంటూ పోయాడు. కృప బల్ల అంచు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. లేచాక అరచేతులు టాపుకి తుడుచుకోబోయి, అమ్మ చూపు చూసి, చున్నీకి తుడుచుకుంది.

తర్వాత ఫోటో. గోడ ముందు నిలబెట్టి, గడ్డం ఎత్తమని, ఊపిరి పీల్చి పట్టమని, నవ్వమని చెప్పాడు. అది తీసి, దసరాకి తీసిన ఫోటో పక్కన పెట్టి దేవమణికి చూపించాడు. దసరా ఫోటోలో కృప క్లినిక్కు వాళ్ళిచ్చిన పల్చటి చేతుల్లేని గౌనులో ఉంది. ఎడమ భుజం కిందికి జారి, తల ఒక పక్కకి వాలి, ఎవరో వెనకనుంచి చెయ్యిపట్టి లాగుతున్నట్టు నిలబడింది. ఇవాళ్టి ఫోటోలో వంకాయరంగు టాపులో నిటారుగా నిలబడింది. రెండు భుజాలూ ఒక మట్టంలో ఉన్నాయి. అంచు గీత గీసినట్టు ఉంది.

దేవమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కిషోర్‌బాబు కోర్సు పూర్తయిందని, ఇక నెలకోసారి వస్తే చాలని, నలుగురికీ చెప్పమని చెప్పాడు. చెప్పకుండా ఎలా ఉంటానండీ అంది ఆమె.

చెప్పింది. మర్నాడు ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల వేళ లేచి నిలబడింది. ఆ సంఘంలో అది ఎప్పట్నుంచో ఉన్నదే. పొలంలో పాము తప్పించుకున్నవాళ్ళు, జ్వరం తగ్గినవాళ్ళు, కొడుక్కి ఉద్యోగం వచ్చినవాళ్ళు లేచి నలుగురిలో చెప్పాలి. చెప్పకపోతే మేలు పొంది మర్చిపోయినట్టు. దేవమణి కొంగు తలమీదికి లాక్కుని సంఘానికి వందనాలు చెప్పి, తన బిడ్డ వెన్ను ప్రభువే చక్కబెట్టాడనీ, నందిగామలో కిషోర్‌బాబు గారి చేతుల్ని ఆయన వాడుకున్నాడనీ చెప్పింది. మాట మాటకీ ఆడవాళ్ళ వైపు నుంచి స్తోత్రం, స్తోత్రం అని వినపడింది. పాస్టరుగారు కృపని లేచి నిలబడమన్నారు. పిల్ల లేచింది. అదే టాపు. అందరూ తలలు తిప్పి చూశారు. ఎంత చక్కగా ఉందో అని ఎవరో అన్నారు. ఫోటో మధ్యాహ్నానికల్లా సంఘం వాళ్ళ ఫోను గ్రూపులో తిరిగింది.

గుడి బయట చెప్పులేసుకుంటుంటే ఫ్లోరెన్స్ వచ్చి దేవమణి చెయ్యి పట్టుకుంది. ఫ్లోరెన్స్ అంగన్‌వాడీలో పనిచేస్తుంది. ఆమె కూతురు జాయిస్ ఆరో తరగతి. ఈ మధ్య వీపు లాగుతోందంటోందనీ, ఒక పక్కకి ఒరిగి కూర్చుంటోందనీ చెప్పి నంబరు అడిగింది. దేవమణి నంబరిచ్చింది. ఇచ్చి ఊరుకోకుండా, ఆయనకి నా పేరు చెప్పు, బాగా చూస్తాడు అని కూడా చెప్పింది.

మంగళవారం బడికి సెలవొచ్చింది. మిరప కోతలు ముమ్మరంగా ఉన్నాయి. పక్కింటి లూర్దమ్మతో కోతకి వెళతానని కృప రెండేళ్ళుగా అడుగుతోంది. ఈడు పిల్లలందరూ ట్రాలీ ఆటోలో పాటలు పాడుకుంటూ పోతుంటే తనొక్కతే అరుగు మీద కూర్చోవాల్సొస్తోంది. మొదట చిన్నపిల్లవని, ఈ ఏడు వీపు సంగతని చెప్పి దేవమణి ఆపుతూ వచ్చింది. ఇప్పుడు ఆపడానికి కారణం లేదు. వెళ్ళు అంది. ఘాటు ఒంటికి తగలకుండా ఆడవాళ్ళంతా తొడుక్కున్నట్టే కృప కూడా తండ్రి పాత ఫుల్‌హ్యాండ్సు చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుని ఎగురుకుంటూ పోయింది.

సాయంత్రం పిల్ల నీళ్ళు పోసుకోవడానికి దొడ్లోకి వెళ్ళాక లూర్దమ్మ వచ్చింది. చేతులకి మంట తగ్గడానికి కొబ్బరినూనె రాసుకుని ఉంది. మిషను పక్కన కింద చతికిలబడి, ఊళ్ళో కబుర్లు రెండు చెప్పి, ఆగి, అసలు సంగతి ఎత్తింది.

"దేవమణీ, పిల్ల వీపు నువ్వు చూశావా?"

"చూడకేం పిన్నీ. బాగయిందిగా. ఆదివారం నువ్వూ విన్నావుగా."

"విన్నాలే. చూశావా అంటన్నా."

దేవమణి మిషను ఆపింది. లూర్దమ్మ చెప్పుకొచ్చింది. వరసకట్టి మునుం పట్టినప్పుడు కృప పక్క సాలులో ఒక బారెడు ముందుకి పోయింది. పిల్లలు చురుగ్గా కోస్తారు. వంగి వంగి కోస్తుంటే చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. మిగతా పిల్లల వీపులు చాపలా పరుచుకుని ఉన్నాయి. ఈ పిల్లకి మాత్రం కుడిపక్క దిబ్బలాగా ఇంతెత్తున లేచింది, ఎడమపక్క పల్లంగా పడిపోయింది. కాయ గోతంలో పోయడానికి లేచినప్పుడు మళ్ళీ మామూలుగానే కనపడింది. వంగితే మళ్ళీ అదే. తన కళ్ళే మసకలేమోనని లూర్దమ్మ ఇంకో ఇద్దరికి చూపించింది. వాళ్ళూ అదే అన్నారు.

దేవమణి ఫోను తీసి ఫోటో పెట్టి లూర్దమ్మ చేతికిచ్చింది. లూర్దమ్మ ఫోను దూరంగా పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని, కాసేపు చూసింది.

"డ్రస్సు బాగా కుట్టావే," అంది.

వెటకారం కాదు. ముసలిది నిజంగానే మెచ్చుకుంది. మెచ్చుకుని, మోకాళ్ళ మీద చేతులానించి లేచి, పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చానంటూ వెళ్ళిపోయింది.

దేవమణి ఫోను చేత్తో పట్టుకుని కూర్చుంది. ఫోటోలో ఆ ఎడమ భుజం లోపల ఏముందో ఆమెకి తెలుసు. రెండు మడతలు పెట్టి కత్తిరించిన స్పాంజి ముక్క ఉంది. కుడి రెక్క దగ్గర వీపు గుడ్డ వేలెడు వదులు వదిలి, ఆ వదులు కనపడకుండా పక్క కుట్టులో తిప్పేసింది. అంచు ఎడమవైపు ఎత్తి మడిచింది. ఇవేవీ మొన్న కొత్తగా చేసినవి కావు. కృప ఏడో తరగతిలో యూనిఫాం కొలతలు తీస్తుంటే టేపు ఒక పక్క కాస్త తక్కువ చూపించింది. పుస్తకాల సంచి ఒకే భుజానికి తగిలించుకుంటుంది, అందుకే అనుకుంది. సంచి రెండు భుజాలకీ వేసుకోమని తిట్టింది. నిటారుగా నడవమని వీపు మీద ఒకటి చరిచింది కూడా. తిట్టి, చరిచి, గుడ్డలో ఆ తేడా సరిచేసేసింది. మరుసటేడు తేడా పెరిగింది. స్పాంజి పెట్టింది. ఆ పై ఏడు ఒక మడతకి రెండు మడతలయ్యాయి. ఆడపిల్ల, నలుగురి కళ్ళలో పడకూడదని చేసింది. పడలేదు. బళ్ళో టీచర్ల కళ్ళలో పడలేదు, తనిఖీ వాళ్ళ కళ్ళలో పడలేదు, చివరికి తన కళ్ళలో కూడా పడలేదు. కుట్టు అంత బాగా కుదిరింది.

నీళ్ళు పోసుకుని వచ్చిన కృపని లోపలికి పిలిచి తలుపు దగ్గరికేసింది. లంగా మీద తువ్వాలు కప్పుకుని వెనక్కి తిరిగి నిలబడమంది. వంగమంది. పిల్ల చేతులు వేలాడేసి వంగింది. తడి జుట్టు నేలకి తాకింది.

లూర్దమ్మ తగ్గించే చెప్పింది. వెన్ను పూసలు మెడ దగ్గర బయల్దేరి, మధ్యకొచ్చేసరికి కుడికి తిరిగి, నడుం దగ్గర మళ్ళీ ఎడమకి వంపు తిరిగాయి. పక్కటెముకలు ఒకవైపు పైకి తన్నుకొచ్చాయి. దేవమణి అరచెయ్యి అక్కడ పెట్టి నిమిరింది. గట్టిగా, ఎముకగానే తగిలింది.

"ఏంటమ్మా? చెయ్యి అక్కడే పెట్టావేంటి?" అంది పిల్ల వంగినట్టే ఉండి.

"ఏం లేదు. ఘాటు అంటుకుందేమోనని."

ఎక్స్‌రే జగ్గయ్యపేటలో తీశారు. సొలొమోను పని మానేసి వెంట వచ్చాడు. దారంతా ఆటోలో ఒక్కటే మాట అంటూ కూర్చున్నాడు. ఆదివారమే కదా సాక్ష్యం చెప్పావు, బుధవారం ఎక్స్‌రే అంటే సంఘంలో ఏమనుకుంటారు అని. దేవమణికి ఆ మాట వినపడలేదు. పిల్ల కూర్చున్న తీరు చూస్తోంది. ఆటో గుంటలో పడ్డప్పుడల్లా కుడి చెయ్యి సీటుకి ఆనించి ఒంటిని నిలబెట్టుకుంటోంది. ఇన్నాళ్ళూ అలాగే కూర్చుంటోంది కాబోలు.

ఎముకల డాక్టరు చిన్న వయసు అమ్మాయి. ఫిల్ము కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టి చాలాసేపు చూసింది. తర్వాత కృపని వెనక్కి తిప్పి వంగమంది. ఈ ఊళ్ళో, ఈ మండలంలో, ఇన్నేళ్ళలో చదువుకున్న మనిషి ఆ పిల్లని వంగమని అడగడం అదే మొదటిసారి.

"దీన్ని స్కోలియోసిస్ అంటారమ్మా," అంది. వెన్ను పక్కకి ఒంగడంతో ఆగదు, తడిబట్ట పిండినట్టు మెలి కూడా తిరుగుతుంది, ఆ మెలికే పక్కటెముకలు పైకి లేస్తాయి అని విడమరిచి చెప్పింది. సంచి మోయడం వల్ల రాదు, ఒరిగి కూర్చోవడం వల్ల రాదు, తిండి వల్ల రాదు, ఎవరూ చేసిన తప్పు కాదు. ఎందుకొస్తుందో చాలామంది పిల్లల్లో తెలియదు. పిల్ల ఒక్కసారిగా పొడుగు సాగే వయసులో ఇది కూడా జోరుగా సాగుతుంది.

మరి నందిగామలో ఇన్నాళ్ళు నొక్కించాం కదా అని సొలొమోను అడిగాడు. నొక్కితే కొందరికి కాసేపు నొప్పి తగ్గొచ్చు, ఒంపు తగ్గదు, తగ్గినట్టు ఎక్కడా రుజువు లేదు అంది డాక్టరు. ఎక్స్‌రే లేకుండా ఎదిగే పిల్ల మెడ తిప్పారా అని అడిగి, జవాబు కోసం చూడకుండా తల దించుకుని రాసుకుంది.

"బెల్టు ఏదో ఉంటుందంటగా అమ్మా," అంది దేవమణి. ఆ సంగతి ఎక్కడో విన్నది. దాని మీదే ఆశ పెట్టుకుని వచ్చింది.

"ఉంటుంది. పిల్ల ఇంకా ఎదుగుతున్నప్పుడు, ఒంపు పాతిక, ముప్ఫై డిగ్రీల్లో ఉన్నప్పుడు వేస్తాం. పగలూ రాత్రీ వేసుకోవాలి. అప్పుడు చాలామందికి పెరక్కుండా ఆగుతుంది. మీ పాప పెద్దమనిషై ఎన్నాళ్ళయింది?"

దేవమణి చెప్పింది. డాక్టరు ఫిల్ములో నడుం ఎముక అంచు మీద వేలు పెట్టి చూపించింది. ఎదుగుదల దాదాపు అయిపోయింది. ఒంపు యాభై దాటింది. ఇక బెల్టు పనిచెయ్యదు. ఇలా వదిలేస్తే పెద్దయ్యాక కూడా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది, ముందుముందు ఊపిరికి అడ్డమొస్తుంది. మిగిలింది ఆపరేషనే. వెన్ను వెంట కడ్డీలు పెట్టి మరలు బిగిస్తారు. అది విజయవాడలోనో హైదరాబాదులోనో పెద్ద చోట చేయించాలి.

"ముందే తీసుకొస్తే ఆగేదాండీ?" అని అడిగింది దేవమణి.

"ఖాయంగా ఆగేదని చెప్పలేను. ఆగడానికి మంచి అవకాశం మాత్రం ఉండేది. మీరు మొదట ఎప్పుడు గమనించారు?"

దేవమణి చెప్పేలోపే సొలొమోను ఆమె తరఫున, ఈ దసరాకేనండీ, అంతకుముందు ఏమీ లేదు అన్నాడు.

"ఏడో తరగతిలో," అంది దేవమణి. "కొలతలు తీసేటప్పుడు."

సొలొమోను తల తిప్పి భార్యని చూశాడు. కృప కిటికీకి ఆనించిన ఫిల్ము దగ్గరికి వెళ్ళి, తన ఎముకల వంపు మీద గాల్లోనే వేలు నడిపింది.

"బాగయిందన్నావుగా అమ్మా," అంది.

ఇంటికొచ్చాక సొలొమోను ఆపరేషన్ మాట ఎత్తనివ్వలేదు. కోల్డు స్టోరేజీలో వెంకటరత్నం అనే అతను నడుం ఆపరేషన్ చేయించుకుని మంచంలో ఉండిపోయాడు, నా కళ్ళతో చూశాను, ఆడపిల్లని చేజేతులా మంచాన పడేస్తానా అన్నాడు. అది వేరు, ఇది వేరు కదా అని దేవమణి అంటే, నువ్వు చూసి కూడా చెప్పని దానివి, నీ మాట నేను వినాలా అన్నాడు. కృప అన్నం ముందు కూర్చుని, నాన్నా నన్నెవరూ అడగరా అంది. ఇద్దరూ వినలేదు. పిల్ల చెయ్యి కడుక్కుని లేచిపోయింది.

శనివారం దేవమణి ఒంటరిగా నందిగామ వెళ్ళింది. ఆ ఫోటో తీసేయమని అడగాలని వెళ్ళింది. మేడ మెట్లెక్కి గుమ్మంలో ఆగిపోయింది. ఎదురుగోడ మీద కృప నిలువెత్తున ఉంది. పక్కపక్కనే రెండు ఫోటోలు, పైన ముందు, తర్వాత అని పెద్దక్షరాలు. ఆ ఫోటోల కింద బెంచీ మీద ఫ్లోరెన్స్, పక్కన జాయిస్ కూర్చుని ఉన్నారు.

కిషోర్‌బాబు ఎప్పటిలాగే మర్యాదగా లేచి నిలబడ్డాడు. దేవమణి ఎక్స్‌రే సంగతి చెప్పింది. అతను ఓపిగ్గా విన్నాడు. ఎముకల డాక్టర్లు ఆపరేషన్ తప్ప ఇంకోటి చెప్పరమ్మా, మీకు నమ్మకం సడలింది, ఇంకో కోర్సు చేద్దాం అన్నాడు. ఫోటో తీసేయండి అంది.

"ఫోటోలో ఉంది మీ అమ్మాయి కాదాండీ? నేనేమన్నా మార్చానా?"

"లేదు. మార్చింది నేను."

అతనికి అర్థం కాలేదు. ఆమె ఫ్లోరెన్స్ వైపు తిరిగి అంతా చెప్పింది. స్పాంజి, వదులు, ఎత్తి మడిచిన అంచు. జాయిస్‌ని ఇక్కణ్ణించి జగ్గయ్యపేట తీసుకుపో, చిన్న పిల్ల, దీనికి టైముంది అంది. ఫ్లోరెన్స్ ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం పెంచలేదు.

"మొన్న అందరిముందు చెప్పింది అబద్ధమా అక్కా?"

"తెలియక చెప్పా."

"ఇప్పుడు తెలిసి చెప్తున్నావా? మీ పిల్లకి ఇన్నాళ్ళు చేయించుకుని, మా వంతు వచ్చేసరికి వద్దంటావేంటి? ఆ పిల్ల నిటారుగా ఉండటం నేను చూశా. నా కళ్ళతో చూశా."

దేవమణి జాయిస్ వైపు చూసింది. పిల్ల గులాబీరంగు టాపులో చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎంతో బుద్ధిగా కూర్చుంది. భుజాలు రెండూ ఒక మట్టంలో ఉన్నాయి. ఆ టాపు క్రిస్మస్‌కి దేవమణే కుట్టింది. కొలత తీసినప్పుడు టేపు ఎడమవైపు ఎంత తక్కువ చూపిందో గుర్తొచ్చింది. చెయ్యి అలవాటుగా ఏం చేసిందో కూడా గుర్తొచ్చింది. ఆ గుడ్డ ఒక్కటేనా? ఆ చెయ్యి అలవాటుగా ఇంకెన్ని గుడ్డల్లో ఆ పని చేసింది? ఊళ్ళో పిల్లల ముఖాలు ఒక్కొక్కటీ కళ్ళ ముందుకొచ్చాయి.

కిషోర్‌బాబు లోపలికి వెళ్ళి జాయిస్ పేరు పిలిచాడు. ఫ్లోరెన్స్ పిల్ల చెయ్యి పట్టుకుని, దేవమణిని దాటుకుని లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. కాసేపటికి టిక్కుమని చప్పుడు బయటికి వినపడింది.

ఆదివారం సాక్ష్యాల వేళ దేవమణి లేచింది. మేలు పొందినవాళ్ళు లేచే చోటది. పొందలేదని చెప్పడానికి అక్కడ ఎవరూ ఎప్పుడూ లేవలేదు. ఆమె లేవగానే స్తోత్రం అన్న ఆడవాళ్ళు, రెండో మాటకే ఆగిపోయారు. పోయిన వారం తను చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకుంటున్నానంది. బిడ్డ వెన్ను చక్కబడలేదు, చక్కబడ్డట్టు మీరు చూసింది నా కుట్టు అంది. మగవాళ్ళ వైపు సొలొమోను తల వంచుకున్నాడు. పాస్టరుగారు చెల్లెమ్మ మనసు కలతగా ఉంది, ప్రార్థన చేద్దాం అని మెల్లగా అన్నారు. డోలక్ దగ్గర కుర్రాళ్ళకి సైగ కూడా చేశారు. వెనక వరసలో ఎవరో, దేవుణ్ణి కూడా కత్తిరించి కుట్టేస్తున్నావా దేవమణీ అన్నారు. కొందరు నవ్వారు. ఫ్లోరెన్స్ జాయిస్ భుజం మీద చెయ్యేసి దగ్గరికి లాక్కుని కూర్చుంది, కదల్లేదు.

పాట మొదలైంది. దేవమణి పాట మధ్యలోంచే నడిచి గుమ్మం దగ్గరికెళ్ళి, రెండు తలుపులూ మూసి, వాటికి వీపు ఆనించి నిలబడింది. ఒక్కొక్కరే పాట ఆపారు. డోలక్ చివరికి ఆగింది.

"ఈ గుళ్ళో కూర్చున్న ఆడపిల్లల్లో నేను కొలతలు తీయని పిల్ల లేదు," అంది. "మీ పిల్లల్లో ఇంకా కొందరికి ఒక పక్క తగ్గింది. టేపులో చూశా. చూసి మీకు చెప్పలా. సరిచేసి కుట్టా. బాగుందని మీరు మెచ్చుకుని తొడుక్కుని పోయారు. పేర్లు చెప్పను. చెబితే ఆ పిల్లల్ని రేపట్నించి వేలెత్తి చూపిస్తారు. మా పిల్లకి టైము దాటిపోయింది, దానికిక బెల్టు లేదు. మీ పిల్లలకి ఉందో లేదో నాకు తెలీదు, మీకూ తెలీదు. అందర్నీ చూడండి. మగపిల్లల్ని కూడా. ఆడపిల్లల్ని వెనక గదిలోకి తీసుకెళ్ళండి, తల్లులు మాత్రమే వెళ్ళండి, పైబట్ట తీసి, కాళ్ళు దగ్గరపెట్టి వంగమనండి, వెనక నిలబడి చూడండి. ఒక పక్క లేస్తే రేపు పొద్దున్నే జగ్గయ్యపేట ఎముకల డాక్టరు దగ్గరికి పోండి, నందిగామ మేడ ఎక్కకండి. తర్వాత నాతో రండి, బడికి పోదాం. తనిఖీ జీపు వచ్చిన రోజు ప్రతి పిల్లనీ వంచి చూసిందాకా దాన్ని కదలనివ్వొద్దు. నన్ను తిట్టేవాళ్ళు చూశాక తిట్టండి. పాట చూశాక పాడండి. ముందు పిల్లల్ని లేపండి. ఫ్లోరెన్స్, ముందు నువ్వు లే."